మంటలేవీ, ఫైరింజన్ ఎందుకొచ్చింది?

2019 జనవరి, రాత్రి రెండుంపావు. పెన్సిల్వేనియాలో మేముండే చిన్న ఊళ్లో అప్పుడే మంచు కురిసి ఆగింది. నాన్న మంచం మీద లేచి కూర్చుని, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, "గ్యాస్ పట్టేసినట్టుందిరా, కాసిని వాము నీళ్లు కాచిపెట్టు" అన్నారు. నుదుటి నిండా చెమట. ఆ చలిలో చెమటేమిటని అనుమానం వచ్చి 911కి ఫోన్ చేశాను. ఫోనెత్తినావిడ ముందు అడ్రసు అడిగింది. ఊపిరి ఆడుతోందా, మాట్లాడుతున్నారా అని అడిగింది. వీధి తలుపు గడియ తీసి, వరండా లైటు వేసి ఉంచమంది.

ఆరు నిమిషాలకి ఎర్రలైట్లు మా గోడల మీద తిరిగాయి. నాన్న కిటికీలోంచి బయటికి చూసి, అంత నొప్పిలోనూ కంగారు పడ్డారు. "మంటలేవీరా? ఫైరింజన్ ఎందుకొచ్చింది?"

లోపలికి ముగ్గురొచ్చారు. ముందున్నాయన్ని గుర్తుపట్టాను. మా ఊరి హార్డ్‌వేర్ షాపులో తాళంచెవులు కోసిచ్చే మనిషి. పైజామా మీదే ఫైర్ కోటు తగిలించుకుని వచ్చేశాడు. బూట్లకంటిన మంచు కార్పెట్ మీద కరుగుతోంది. ఆయన నాన్న ముందు మోకాళ్ల మీద కూర్చుని, తన పేరు చెప్పి, నాన్న పేరు అడిగి, ఆ పేరు రెండుసార్లు పలికి "సరిగ్గా అంటున్నానా?" అని నన్నడిగాడు. ఆ తర్వాతే చెయ్యి పట్టుకుని నాడి చూశాడు. బీపీ చూస్తూనే ఏ మందులు వాడతారు, ఏవైనా పడవా, ఇలా ముందెప్పుడైనా వచ్చిందా అని వరసగా అడిగాడు. రెండో ఆయన ప్రతిదీ చేతి తొడుగు మీదే పెన్నుతో రాసుకుంటున్నాడు. నాలుగు చిన్న యాస్పిరిన్ బిళ్లలు నాన్న అరచేతిలో పెట్టి, "మింగొద్దని చెప్పు, నమలమను" అన్నాడు. "ఖాళీ కడుపుతోనా?" అన్నట్టు నాన్న నా వంక చూశారు. "నమలండి నాన్నా" అన్నాను. నమిలారు.

అంబులెన్సు పక్క టౌను నుంచి రావాలి. అది వచ్చేసరికి ఫోన్ చేసి పంతొమ్మిది నిమిషాలైంది. గుండెపోటే. తెల్లారేలోపు స్టెంట్ వేశారు. నాన్న ఇప్పుడు ఇండియాలో, మా ఊళ్లో, రోజూ పొద్దున్నే కాలవ గట్టు మీద నడుస్తున్నారు.

ఆ ఏడాదే నేను ఇక్కడ, పెన్సిల్వేనియాలో మా ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో వాలంటీరుగా చేరాను. సాయంత్రం క్లాసులకి వెళ్లి ఈఎంటీ పరీక్ష రాశాను. ఈఎంటీ అంటే ఆస్పత్రికి చేరేలోపు అత్యవసర చికిత్స చేసే మనిషి. నాన్న ఆ రాత్రి అడిగిన ప్రశ్నకి నాకు పూర్తి జవాబు దొరకడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. కొంత చదివి తెలుసుకున్నాను, కొంత స్టేషన్లో పాతవాళ్ల నోట విన్నాను. నేను తేల్చుకున్నదేమిటంటే, ప్రాణం మీదికొచ్చినప్పుడు ముందుగా చేరాల్సింది పని తెలిసిన మనిషి. బండి తర్వాత వచ్చినా ఫర్వాలేదు. ఈ మాట అమెరికాలో చిన్న ఊళ్ల ఫైర్ స్టేషన్లకి అనుభవం మీద అర్థమైంది. చట్టానికీ, డబ్బు లెక్కలకీ ఇంకా సరిగ్గా అర్థం కాలేదు. మన తెలుగు రాష్ట్రాల్లో ఈ విషయం మీద చర్చే నాకు కనపడలేదు.

మా స్టేషన్లో అందరికంటే పెద్దాయనకి ఎనభై దాటాయి. ఇప్పుడు కాల్స్‌కి రారు, మంగళవారం డ్రిల్ రోజున వచ్చి కాఫీ కాచిపెడతారు. ఆయన చిన్నప్పుడు ఈ ఊళ్లో అంబులెన్సు ఎవరిదో తెలుసా అని ఒకసారి అడిగారు. అంత్యక్రియలు జరిపించే ఫ్యూనరల్ హోమ్ వాళ్లదట. పొద్దున శవాన్ని శ్మశానానికి తీసుకెళ్లిన పొడుగాటి కారునే మధ్యాహ్నం యాక్సిడెంటు జరిగిన చోటికి పంపేవారు. కర్టెన్లు తీసేసి, పైన ఎర్రలైటు పెట్టేవారు. మన మునిసిపాలిటీల వైకుంఠ రథం వచ్చి గుండె నొప్పి వచ్చినవాణ్ణి ఎక్కించుకోవడం లాంటిది. నడిపేది ఒక్కడే. వెనక పేషెంటు పక్కన ఎవరూ ఉండరు. దారిలో ఊపిరి ఆగిపోతే ఆ సంగతి ఆస్పత్రి గుమ్మంలో తలుపు తీశాకే తెలిసేది.

ఇది మా ఊరొక్కదాని కథ అనుకున్నాను. కాదు. 1966 సెప్టెంబరులో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఒక నివేదిక అచ్చేసింది. 1965 ఒక్క ఏడాదిలో ప్రమాదాల వల్ల 1,07,000 మంది చనిపోయారని, కోటి మందికి పైగా కొంతకాలం పనికి దూరమయ్యారని, 4 లక్షల మందికి శాశ్వత వైకల్యం వచ్చిందని లెక్క కట్టింది. ఆ నివేదికలోనే ఇంకో మాట ఉంది. దేశంలోని అంబులెన్సు సేవల్లో దాదాపు సగం నడుపుతున్నది 12,000 మంది అంత్యక్రియల వ్యాపారులేనట. కారణం కూడా రాశారు: మనిషిని పడుకోబెట్టి తీసుకెళ్లే బండి వాళ్ల దగ్గరే ఉంది కాబట్టి. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వైద్యం వాళ్ల పని కాదు, ఉన్నదల్లా పొడుగాటి బండి. అది ఉంటే చాలని ఒక దేశం దేశమంతా అనుకుంది.

అందరూ అలా అనుకోలేదు లెండి. వర్జీనియాలో రొనోక్ అనే ఊళ్లో జూలియన్ స్టాన్లీ వైజ్ అని ఒక రైల్వే ఉద్యోగి ఉండేవాడు. తొమ్మిదేళ్లప్పుడు నదిలో పడవ తిరగబడి ఇద్దరు మునిగిపోతుంటే, ఒడ్డున జనమంతా ఏం చెయ్యాలో తెలియక చూస్తూ నిలబడటం కళ్లారా చూశాడు. అది మనసులో పెట్టుకుని 1928లో తోటి ఉద్యోగులతో కలిసి ఒక వాలంటీర్ రెస్క్యూ దళం పెట్టాడు. అమెరికాలో చిన్న ఊళ్ల వాలంటీర్ దళాలు చాలావరకు తమ మూలం అక్కడ చూసుకుంటాయి. ఒడ్డున నిలబడ్డ ఆ జనం సంగతి తర్వాత మళ్లీ చెబుతాను, ఎందుకంటే అలాంటి జనంలో నేనూ ఒకసారి నిలబడ్డాను.

అరవైల చివర్లో కొద్ది ఏళ్లలోనే చాలా జరిగాయి. 1966లో ఉత్తర ఐర్లండ్ బెల్‌ఫాస్ట్‌లో డాక్టర్ ఫ్రాంక్ పాంట్రిడ్జ్ కారు బ్యాటరీలతో పనిచేసే డీఫిబ్రిలేటర్ని అంబులెన్సులో పెట్టాడు. డెబ్భై కిలోల బరువు. ఆగిన గుండెకి షాక్ ఇవ్వాలంటే రోగి ఆస్పత్రికి రానక్కర్లేదు, యంత్రమే రోగి దగ్గరికి వెళ్లొచ్చని ఆయన చూపించాడు. మయామీలో డాక్టర్ యూజీన్ నేగెల్ ఫైర్‌మెన్‌కి నేర్పించి, వాళ్లు తీసిన ఈసీజీని రేడియోలో ఆస్పత్రికి పంపే ఏర్పాటు చేశాడు. నర్సో డాక్టరో పక్కన లేకుండా ఫైర్‌మన్ మందు ఇవ్వడం కాలిఫోర్నియాలో కుదిరేది కాదు. 1970లో అప్పటి గవర్నర్ రోనల్డ్ రీగన్ సంతకం చేసిన చట్టంతో ఆ అడ్డు తొలగింది.

వీటన్నిటిలో నాకు ఎక్కువ నచ్చింది సియాటిల్ పద్ధతి. అక్కడ గుండె డాక్టర్ లెనార్డ్ కాబ్, ఫైర్ చీఫ్ గోర్డన్ వికరీ కలిసి 1970 మార్చిలో మెడిక్ వన్ అనే బండిని రోడ్డెక్కించారు. నిజానికి అందులో గొప్పతనం బండిది కాదు. ఊరంతా ఫైర్ స్టేషన్లున్నాయి, ప్రతి స్టేషన్లో రాత్రీ పగలూ మనుషులున్నారు, ఏ ఇంటికైనా నాలుగైదు నిమిషాల్లో చేరగలరు. కాబట్టి ముందు దగ్గరున్న ఫైరింజన్ వెళ్లి ఛాతీ నొక్కుతూ ఉండాలి, వెనకాల పెద్ద చదువు చదివిన పారామెడిక్‌లు రావాలి. తర్వాత ఇంకో అడుగు వేసి 1972 నుంచి మామూలు జనానికి కూడా సీపీఆర్, అంటే ఆగిన గుండె కోసం ఛాతీ నొక్కే పద్ధతి, నేర్పించడం మొదలుపెట్టారు. గుండె ఆగాక ఏమీ చెయ్యకుండా గడిచిన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం చొప్పున తగ్గిపోతుంది. ఆ లెక్క తెలిసినవాడెవడైనా సియాటిల్ వాళ్లు చేసిందే చేస్తాడు.

మా రాష్ట్రంలోనే ఉన్న పిట్స్‌బర్గ్ కథ చెప్పకపోతే తప్పవుతుంది. అక్కడ అప్పట్లో రోగుల్ని పోలీసు వ్యాన్లలో వేసుకెళ్లేవారు. నల్లవాళ్లుండే హిల్ డిస్ట్రిక్ట్‌కి ఆ వ్యాను వస్తుందన్న నమ్మకం కూడా లేదు. సీపీఆర్‌కి రూపమిచ్చినవాళ్లలో ఒకడైన డాక్టర్ పీటర్ సఫార్ ఆ ఊళ్లోనే పనిచేసేవాడు. ఆయన పదకొండేళ్ల కూతురు 1966లో ఆస్తమాతో చనిపోయింది. మరుసటి ఏడాది ఫ్రీడమ్ హౌస్ పేరుతో ఒక అంబులెన్సు సేవ మొదలైంది. చదువు మధ్యలో ఆగిపోయినవాళ్లని, ఉద్యోగం దొరకని నల్లజాతి యువకుల్ని తీసుకుని సఫార్ నెలల తరబడి శిక్షణ ఇచ్చాడు. అమెరికాలో ఇవాళ్టి పారామెడిక్‌ అంటే ఏం తెలిసి ఉండాలో తేల్చినవాళ్లలో వీళ్లు మొదటివాళ్లు. వాళ్లతో పనిచేసిన డాక్టర్ నాన్సీ కారొలిన్ ఆ అనుభవంతోనే దేశానికంతటికీ పాఠ్యప్రణాళిక తయారుచేసింది. 1975లో నగరం తన సొంత సేవ పెట్టుకుని ఫ్రీడమ్ హౌస్‌ని మూసేయించింది. నేర్పినవాళ్లలో చాలామందిని పక్కకి నెట్టేశారు. ఈఎంటీ క్లాసులో నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పాలి. ప్రతి క్లాసులో మొదటి రోజే చెప్పాలి.

ఇక చిన్న ఊళ్ల సంగతి. కొత్త నిబంధనలు వచ్చాయి, శిక్షణ తప్పనిసరైంది, పరికరాలు కొనాల్సొచ్చింది, జీతాల ఖర్చు పెరిగింది. డెబ్భైల్లో ఫ్యూనరల్ హోమ్‌లు ఒక్కొక్కటిగా ఇక మావల్ల కాదని చేతులెత్తేశాయి. మరి ఫోన్ మోగితే ఎవరు వెళ్లాలి? ఊళ్లో ఇరవై నాలుగ్గంటలూ పిలిస్తే పలికే గుంపు ఫైర్ డిపార్ట్‌మెంట్ ఒక్కటే. మా పెద్దాయన మాటల్లో చెప్పాలంటే, ఎవరూ వాళ్లని అడగలేదు, వాళ్లూ కాదనలేదు. చర్చి హాల్లో పాన్‌కేకుల విందులు పెట్టి డబ్బు పోగుచేసి వాడిన బండి ఒకటి కొన్నారు. 81 గంటల ఈఎంటీ కోర్సు కోసం మిల్లులో షిఫ్టు దిగి అలాగే క్లాసుకి వెళ్లేవారట.

1973లో కేంద్ర ప్రభుత్వం చట్టం చేసి ఈ సేవలకి డబ్బిచ్చింది. 1981లో ఆ పథకాన్ని మిగతా వాటితో కలిపేసి రాష్ట్రాలకి వదిలేసింది. చిన్న ఊళ్లకి మళ్లీ పాన్‌కేకులే దిక్కయ్యాయి.

ఈలోపు మంటలు తగ్గాయి. 1980లో అమెరికా ఫైర్ డిపార్ట్‌మెంట్లు దాదాపు 30 లక్షల అగ్నిప్రమాదాలకి వెళ్లాయి. 2020లో అది 14 లక్షల లోపే. ఇప్పుడు వాళ్లకొచ్చే పిలుపుల్లో మూడింట రెండొంతులు వైద్యానికి సంబంధించినవే. ఆ పిలుపులు అందుకుంటున్న ఫైర్‌ఫైటర్లలో మూడింట రెండొంతుల మంది జీతం లేని వాలంటీర్లు. మా స్టేషన్లో నాతో పాటు స్కూలు బస్సు నడిపే ఆవిడ, ఒక ప్లంబరు, ఇద్దరు కాలేజీ పిల్లలు ఉన్నారు. పేజర్ మోగితే అన్నం ముందు నుంచి లేచిపోతాం.

నా కోపం ఎక్కడంటే, చట్టం ఇప్పటికీ ఆ పాత కారు దగ్గరే ఆగిపోయింది. పెద్దవాళ్లకుండే ప్రభుత్వ బీమా మెడికేర్ కూడా అంబులెన్సుని రవాణా కిందే చూస్తుంది. రోగిని ఎక్కించుకుని ఆస్పత్రికి చేరిస్తే డబ్బిస్తుంది. షుగర్ పడిపోయి స్పృహ తప్పిన ముసలావిడకి అరగంట దగ్గరుండి గ్లూకోజు ఎక్కించి, లేపి, అన్నం తినిపించి వస్తే మామూలుగా ఒక్క డాలరు కూడా రాదు. ఎందుకంటే బండి కదల్లేదు. పైగా పోలీసుల్లాగా ఈ సేవ ఊళ్లో ఉండి తీరాలనే చట్టం చాలా రాష్ట్రాల్లో ఇప్పటికీ లేదు. అలాంటి చోట వాలంటీర్లు తగ్గిపోయి రేపు ఒక స్టేషన్ మూతపడితే, "అయ్యో" అనడం తప్ప ఎవరి బాధ్యతా ఉండదు.

ఫైర్ వాళ్లకి ఈ పని అప్పజెప్పడం తప్పనేవాళ్లూ ఉన్నారు. ఉద్యోగాలు కాపాడుకోవడానికి ఫైర్ డిపార్ట్‌మెంట్లే వైద్యాన్ని నెత్తినేసుకున్నాయంటారు. పెద్ద నగరాల్లో అందులో కొంత నిజముంది. ఫైర్‌మన్‌కున్న గౌరవం ఈఎంటీకి లేకపోవడమూ నిజమే. అన్నిటికంటే బరువైన నిజం ఇంకోటి ఉంది. చిన్న ఊళ్లో నువ్వు ఛాతీ నొక్కే మనిషి నీకు తెలిసిన మనిషే అవుతుంది. రెండేళ్ల క్రితం మా వెనక వీధి ఆవిడకి ఇరవై నిమిషాలు సీపీఆర్ చేశాం. దక్కలేదు. తర్వాతి శనివారం ఆవిడ భర్త పాల ప్యాకెట్ల దగ్గర ఎదురుపడి నా చెయ్యి పట్టుకుని ఏమీ అనకుండా నిలబడ్డాడు. నేనూ ఏమీ అనలేకపోయాను. జీతం లేని మనుషుల మీద ఇంత బరువు పెట్టి, ఒక కౌన్సెలర్‌ని కూడా ఇవ్వకపోవడం అన్యాయం. అయినా ఆ ఇరవై నిమిషాలూ ఎవరూ రాకుండా ఉండి ఉంటే ఆయన నా చెయ్యి పట్టుకునేవాడు కాదు. ఆ తేడా నాకు బాగా తెలుసు.

ఎందుకంటే 2003 వేసవిలో మా బాబాయి ఇండియాలో మా ఊరి బస్టాండు దగ్గర, ఎరువుల కొట్టు ముందు కుప్పకూలిపోయారు. నేను ఇంటర్ సెలవుల్లో ఆయన వెనకాలే సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాను. జనం మూగారు. ఒకాయన చేతిలో తాళాల గుత్తి పెట్టాడు, ఇంకొకాయన సోడా కొట్టి మొహం మీద చల్లాడు. రోడ్డుకి ఆ పక్కనే, గట్టిగా రెండొందల అడుగుల దూరంలో, ఫైర్ స్టేషన్. ఖాకీ బట్టల్లో ఇద్దరు ఫైర్‌మెన్ పరిగెత్తుకుంటూ వచ్చారు కూడా. బాబాయిని ఆటోలోకి ఎత్తింది వాళ్లే. ఒకాయన వెంట ఎక్కి తల ఒళ్లో పెట్టుకున్నారు. పన్నెండు కిలోమీటర్లు. దారిలోనే అయిపోయింది. వాళ్లిద్దరూ పిలవకుండానే వచ్చారు, బలమున్నవాళ్లు, భయపడని వాళ్లు. రెండు చేతులూ ఛాతీ మధ్యలో పెట్టి నొక్కాలని వాళ్లకెవరూ నేర్పలేదు, అంతే.

108 అప్పటికి లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతా పాకింది, తర్వాత దేశంలో చాలా రాష్ట్రాలకి వెళ్లింది. స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు హైదరాబాద్ వచ్చి పారామెడిక్‌ కోర్సు నడపడంలో చెయ్యి కలిపారు. 108 పుణ్యాన బతికినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు గిట్టదు. కానీ మనం కూడా దాన్ని బండ్ల లెక్కలోనే చూస్తాం. 2020 జూలై 1న విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర 108, 104 వాహనాలు 1,088 ఒకేసారి బారులు తీరితే ఆ ఫొటో ఇక్కడ మా వాట్సాప్ గ్రూపులన్నిటికీ వచ్చింది. నేనూ సంతోషించాను. మరి బండి పక్క మండలంలో ఇంకో కేసులో ఉంటే, అది వచ్చేదాకా ఆ పావుగంట ఏం చెయ్యాలన్నది ఏ ఫొటోలోనూ కనపడదు.

ఆ పావుగంటకి మనుషులు మన దగ్గర ఉన్నారు. 101కి పలికే ఫైర్ స్టేషన్ వాళ్లు. వాళ్లు మంటలకే పరిమితమని మనమూ అనుకోవడం లేదు. బావిలో పడిన పశువుని తీసేది వాళ్లే, చెరువులో మునిగిన పిల్లాడి కోసం వెతికేది వాళ్లే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తీశాక విజయవాడ ఇళ్లలో బురద కడగడానికి పంపింది ఫైరింజన్లనే.

108ని ఫైర్ శాఖలో కలపమని నేను అనడం లేదు. మనిషి స్పృహలో లేడు, ఊపిరి లేదు అని ఫోన్ వచ్చినప్పుడు అంబులెన్సుతో పాటు దగ్గరున్న ఫైర్ స్టేషన్లో కూడా గంట మోగాలి. స్టేషన్లో ప్రతి ఒక్కరికీ సీపీఆర్, రక్తం ఆపడం వచ్చి ఉండాలి. ఆగిన గుండెకి షాక్ ఇచ్చే, స్కూలు బ్యాగంత ఏఈడీ పెట్టె ఒకటి గోడకి వేలాడాలి. బైకు మీద ఇద్దరు వెళ్లినా చాలు, ఇంజన్ స్టేషన్లోనే ఉంటుంది. అదే టైముకి ఎక్కడైనా అగ్నిప్రమాదం జరిగితేనో అంటారా, అక్కడ మిగతావాళ్లు వెళతారు. ఆరుగురు చేసే పని నలుగురు చెయ్యాల్సి రావొచ్చు, అందుకే ఖాళీ పోస్టులు నింపకుండా ఈ పని నెత్తిన పెట్టకూడదు. అదనపు పనికి అదనపు భత్యం ఇవ్వాలి. మా పాన్‌కేకుల తిప్పలు వాళ్లకి రాకూడదు.

కిందటి ఏప్రిల్‌లో, 14 నుంచి 20 దాకా జరిగే అగ్నిమాపక వారోత్సవాలప్పుడు, నాన్న మా ఊరి ఫైర్ స్టేషన్‌కి వెళ్లారు. నేను చెప్పలేదు, ఆయనంతట ఆయనే వెళ్లారు. అమెరికాలో తన ఇంటికి ఫైరింజన్ వచ్చిన సంగతి అక్కడి లీడింగ్ ఫైర్‌మన్‌కి మొత్తం చెప్పి, "మీకు సీపీఆర్ వచ్చా బాబూ?" అని అడిగారట. "ట్రైనింగ్‌లో ఒకసారి చూపించారండీ, ఛాతీ నొక్కి నేర్చుకునే బొమ్మ ఉంటే మళ్లీ నేర్చుకుంటాం" అన్నాడట ఆయన. ఆ రాత్రే నాన్న ఫోన్ చేశారు. "సంక్రాంతికి వచ్చేటప్పుడు చాక్లెట్లు, షాంపూలు ఏమీ వద్దురా. ఆ బొమ్మలు ఎన్ని తేగలవో అన్ని తీసుకురా. పద్నాలుగు మంది ఉన్నారు."

రెండు కొన్నాను. నడుము దాకానే ఉంటాయి, మెడ దగ్గర మడిచి పెట్టొచ్చు. ఒకటి 23 కిలోల సూట్‌కేసులో బట్టల మధ్య పట్టింది. రెండోదాని కోసం పిల్లల బట్టలు ఇంకో పెట్టెలోకి మార్చాను.